ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లోని ఎలిమెంటరీ స్కూళ్లను పోల్చి చూడటం ఎలా?

అమెరికాలో ఇల్లు కొనబోయే మన తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డిస్ట్రిక్ట్ మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఇంటికి వచ్చే ఎలిమెంటరీ రేటింగ్ పదికి 6, రోడ్డు అవతలి కమ్యూనిటీకి వచ్చేది 9. ఆ 9 కోసం అన్ని వేల డాలర్లు ఎక్కువ పెట్టాలా?"

పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి లెక్క. అయితే ఆ తేడాలో బడి వల్ల వచ్చిందెంత, చుట్టుపక్కల కుటుంబాల ఆదాయం వల్ల వచ్చిందెంత అన్నది చాలావరకు విడదీసి చూడొచ్చు. ఒకే డిస్ట్రిక్ట్‌లో సూపరింటెండెంట్ ఒకరే, సిలబస్ ఒకటే, టీచర్ల జీతాల స్కేలూ ఒకటే. మారేది ముఖ్యంగా పిల్లలు, ప్రిన్సిపాల్, టీచర్లు అక్కడ నిలబడతారా లేదా అన్నది. పిల్లల నేపథ్యంలోని తేడాను పక్కన పెట్టగలిగితే మిగతా రెండూ కనిపిస్తాయి. దీనికి పెద్ద స్టాటిస్టిక్స్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు చూస్తున్న ఇళ్ల చిరునామాలు
- డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉండే బౌండరీ లుకప్ పేజీ (ఏ చిరునామాకు ఏ బడి వస్తుందో చెప్పేది)
- మీ రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చే స్కూల్ రిపోర్ట్ కార్డ్. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం ప్రతి పబ్లిక్ స్కూలుకూ ఇది ఉండి తీరాలి. టెక్సస్‌లో టీఎక్స్ స్కూల్స్ సైటు, ఇంకా వివరంగా కావాలంటే టీఏపీఆర్ (టెక్సస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్). కాలిఫోర్నియాలో స్కూల్ డ్యాష్‌బోర్డ్. న్యూజెర్సీలో స్కూల్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్. వర్జీనియాలో స్కూల్ క్వాలిటీ ప్రొఫైల్. ఇల్లినాయ్‌లో రిపోర్ట్ కార్డ్ అనే పేరుతోనే ఉంటుంది.
- స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వారి ఎడ్యుకేషనల్ ఆపర్చ్యూనిటీ ప్రాజెక్ట్ సైటు
- ఒక గూగుల్ షీట్ లేదా ఎక్సెల్

రేటింగ్ యాప్‌లను ఇప్పుడే తెరవకండి. ఒకసారి 9 కనిపించాక మిగతా అంకెలన్నీ ఆ 9ని సమర్థిస్తున్నట్టే అనిపిస్తాయి. వాటి సంగతి చివర్లో చూద్దాం.

1. బౌండరీ ఖాయం చేసుకోండి

ఇంటి లిస్టింగ్‌లో రాసిన స్కూలు పేరును నమ్మి లెక్క మొదలుపెట్టకండి. వీధికి ఇటువైపు ఒక బడి, అటువైపు ఇంకో బడి రావడం మామూలే. చిరునామాను డిస్ట్రిక్ట్ లుకప్‌లోనే కొట్టి చూడండి.

తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో రీజోనింగ్, అంటే బౌండరీలు మార్చే ఆలోచన ఉందా? ఈ బడి ఇప్పటికే నిండిపోయిందా? రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్ నుంచి 4వ గ్రేడ్ దాకా క్లాసుకు 22 మంది అన్నది చట్టంలోని పరిమితి. క్లాసు నిండితే కొత్తగా వచ్చిన పిల్లలను ఓవర్‌ఫ్లో అని ఇంకో క్యాంపస్‌కు పంపే డిస్ట్రిక్ట్‌లు ఉన్నాయి. మీరు ఏ బడి కోసం ఇల్లు కొన్నారో ఆ బడిలో మీ పిల్లకు సీటు లేకపోతే ఎంత టెన్షనో ఊహించుకోండి.

మూడు నాలుగు బడులు ఎంచుకోండి. అంతకు మించితే అయోమయం తప్ప లాభం లేదు.

2. పరీక్ష ఫలితాలు గ్రేడ్ వారీగా, సబ్జెక్ట్ వారీగా రాసుకోండి

ఎలిమెంటరీలో రాష్ట్ర పరీక్షలు 3వ గ్రేడ్ నుంచి మొదలవుతాయి. కాబట్టి ఎలిమెంటరీ స్కోరు అంటే సాధారణంగా 3, 4, 5 గ్రేడ్ల రీడింగ్, మ్యాథ్, వాటికి తోడు ఏదో ఒక గ్రేడ్‌లో సైన్స్. కిండర్‌గార్టెన్, ఫస్ట్, సెకండ్ గ్రేడ్లలో ఏం జరుగుతోందో ఆ అంకెలో నేరుగా కనిపించదు. మీ పాప ఇప్పుడు కిండర్‌లో చేరబోతుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

షీట్‌లో ప్రతి బడికీ ఆరు గడులు: మూడు గ్రేడ్లు, రెండు సబ్జెక్టులు. అన్నీ కలిపేసిన ఒక్క అంకె వద్దు. రీడింగ్ బాగుండి మ్యాథ్ జారిపోతున్న బడి ఆ కలిపిన అంకెలో దాక్కుంటుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఏ లెవెల్ తీసుకోవాలో చూసుకోకపోవడం. టెక్సస్ స్టార్ పరీక్షలో అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని ఉంటాయి. అప్రోచెస్ వస్తే పాస్ కిందే లెక్క, కానీ ఆ గ్రేడ్ చదువు నిజంగా వచ్చిందనడానికి మీట్స్ చూడాలి. ఒక బడికి అప్రోచెస్ శాతం, ఇంకో బడికి మీట్స్ శాతం రాసుకుంటే పోలిక మొత్తం పాడైనట్టే. పైగా టెక్సస్‌లో ఈ శాతాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి: మాస్టర్స్ వచ్చిన పిల్లలు మీట్స్‌లోనూ ఉంటారు, అప్రోచెస్‌లోనూ ఉంటారు. మూడూ కూడితే వందను ఎప్పుడో దాటేస్తుంది. కాలిఫోర్నియాలో నాలుగు లెవెల్స్ విడివిడిగా ఇస్తారు, పై రెండు లెవెల్స్ కూడుకోవాలి.

వీలైతే పై లెవెల్‌ను వేరే వరుసలో రాయండి. రెండు బడుల్లోనూ మీట్స్ 70 శాతమే ఉండొచ్చు. ఒకదానిలో మాస్టర్స్ 25, ఇంకోదానిలో 45 ఉంటే, ముందంజలో ఉన్న పిల్లలకు అవి రెండూ ఒకే బడి కావు.

3. ఒక్క ఏడాది చాలదు, మూడేళ్లు తీసుకోండి

ఒక గ్రేడ్‌లో 80 మంది పిల్లలున్నారనుకుందాం. ఒక్కొక్కరి వాటా 1.25 శాతం. నలుగురు పిల్లలు ఆ రోజు జలుబుతో సరిగ్గా రాయకపోతే 5 శాతం తగ్గిపోతుంది. బడి ఏమీ మారలేదు. మంచి బ్యాచ్, ఓ మోస్తరు బ్యాచ్ అన్న తేడా ఏ బడిలోనైనా ఉంటుంది. మూడు గ్రేడ్లు, మూడేళ్లు కలిపితే దాదాపు 700 ఫలితాలు వస్తాయి, అప్పుడు ఆ ఊగిసలాట బాగా తగ్గుతుంది.

ఏళ్లు ఎంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. 2020లో కరోనా వల్ల పరీక్షలు జరగలేదు, 2021లో చాలాచోట్ల రాసినవాళ్లే తక్కువ, కాబట్టి ఆ అంకెలు వాడకండి. పరీక్షే మారిన చోట పాత ఏడాదిని కొత్త ఏడాదితో కలపకండి. టెక్సస్ స్టార్ 2023లో కొత్త రూపంలోకి వచ్చింది. ఇల్లినాయ్‌లో 2025లో పాస్ గీతలే మార్చారు. అలాంటి మార్పు వచ్చిన ఏడాది బడి శాతం డిస్ట్రిక్ట్ సగటుకు ఎంత పైన, ఎంత కింద ఉందన్నది మాత్రమే రాసుకోండి.

4. ఒకే రకం పిల్లలను ఒకే రకం పిల్లలతో పోల్చండి

మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క పని మాత్రం చేయండి.

రిపోర్ట్ కార్డ్‌లో ఫలితాలను గుంపుల వారీగా విడదీసి చూపిస్తారు: ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్ (తక్కువ ఆదాయం కుటుంబాల పిల్లలు), ఇంగ్లిష్ లెర్నర్లు, స్పెషల్ ఎడ్, జాతుల వారీగా. చట్టమే అలా చూపించమంటుంది. ఇందులో ముందుగా చూడాల్సింది ఆదాయం గుంపు.

ఒక ఉదాహరణ. ఎ, బి రెండు బడులు, ఒక్కోదానిలో 200 మంది పరీక్ష రాశారు. ఎ బడిలో 77 శాతం పాస్, బి బడిలో 67 శాతం. పది పాయింట్ల తేడా. ఎవరైనా ఎ మంచిదనే అంటారు. ఇప్పుడు విడదీద్దాం.

ఎ బడిలో తక్కువ ఆదాయం కుటుంబాల పిల్లలు 20 మంది, అందులో 10 మంది పాస్: 50 శాతం. మిగతా 180 మందిలో 144 మంది: 80 శాతం.

బి బడిలో తక్కువ ఆదాయం కుటుంబాల పిల్లలు 120 మంది, అందులో 66 మంది పాస్: 55 శాతం. మిగతా 80 మందిలో 68 మంది: 85 శాతం.

రెండు గుంపుల్లోనూ బి బడే ఐదు పాయింట్లు ముందుంది. మొత్తం అంకెలో మాత్రం పది పాయింట్లు వెనక. ఇందులో కనికట్టు ఏమీ లేదు, బి బడిలో కష్టమైన పరిస్థితుల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ, అంతే. మీ పిల్లవాడు చేరేది ఏ గుంపులోనైనా, ఈ అంకెల ప్రకారం బి బడి టీచర్లు తక్కువేమీ చేయడం లేదు. ఈ మాట నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే రేటింగ్ 6 అని కొట్టిపారేసే బడుల్లో ఇలాంటివి ఉంటాయి. అక్కడి టీచర్లకు దక్కాల్సిన గౌరవం దక్కదు, మనకు అందుబాటు ధరలో మంచి ఇల్లు దక్కదు.

ఈ పనిలో జాగ్రత్త పడాల్సినవి:

గుంపు చిన్నదైతే పిల్లల వివరాలు బయటపడకుండా అంకె బదులు చుక్క గుర్తు (*) పెడతారు. దాన్ని సున్నా అనుకోకండి. 20, 30 మందే ఉన్న గుంపు శాతాన్ని మూడేళ్లు కలపకుండా నమ్మకండి.

ఆదాయం గుంపును ఫ్రీ లంచ్ లెక్కతో గుర్తించే చోట ఒక చిక్కుంది. కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్ కింద ఉన్న బడిలో అందరికీ భోజనం ఉచితం. అలాంటి చోట ఫ్రీ లంచ్ వంద శాతం అని కనిపిస్తే అందరూ పేదలని కాదు. ఆ రాష్ట్రం వేరే కొలమానం ఏదైనా ఇస్తోందేమో చూడండి.

ఇక మనవాళ్లు నేరుగా ఏషియన్ గుంపు స్కోరు చూసి, అది ఎక్కువున్న బడి మంచిదని తేల్చేస్తారు. సాయంత్రాలు కూమాన్, రష్యన్ మ్యాథ్ ట్యూషన్లంటూ తిరిగే పిల్లల స్కోరులో బడి వాటా ఎంతో చెప్పడం కష్టం. దాన్ని చూడొద్దని అనను, దాని ఒక్కదాని మీదే నిర్ణయం పెట్టుకోవద్దంటాను.

5. గ్రోత్ చూడండి

పిల్లలు ఏ స్థాయిలో వచ్చారన్నది కుటుంబం చేతిలో ఎక్కువ ఉంటుంది. ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్నదానిలో బడి చెయ్యి ఎక్కువ ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ ప్రాజెక్ట్ సైటులో ప్రతి బడికీ సగటు స్కోరు ఒకటి, లెర్నింగ్ రేట్ ఒకటి విడిగా కనిపిస్తాయి. సగటు స్కోరు ఆ ప్రాంతపు ఆదాయంతో చాలా దగ్గరగా నడుస్తుంది, లెర్నింగ్ రేట్ అంతగా నడవదు. కాకపోతే ఆ సైటు అంకెలు కొంత పాతవిగా ఉంటాయి, తాజావి రాష్ట్రం దగ్గరే చూడాలి.

రాష్ట్రాలు దీన్ని రకరకాల పేర్లతో ఇస్తాయి. న్యూజెర్సీలో మీడియన్ గ్రోత్ పర్సెంటైల్, అందులో 50 అంటే నడిమధ్య. నార్త్ కరోలినాలో ఎక్సీడ్స్, మీట్స్, డజ్ నాట్ మీట్ అని మూడు మాటలు. అక్కడి ఎ నుంచి ఎఫ్ గ్రేడులో 80 శాతం స్కోరుకు, 20 శాతమే గ్రోత్‌కు పోతుంది, కాబట్టి గ్రేడు చూసి ఊరుకోకుండా గ్రోత్ వరుస విడిగా చదవండి. టెక్సస్‌లో స్కూల్ ప్రోగ్రెస్ అనే భాగం ఉంటుంది. అందులో ఇంచుమించు అంతే పేదరికం ఉన్న ఇతర క్యాంపస్‌లతో పోల్చిన మార్కు కూడా ఇస్తారు. నాలుగో దశలో చేసినలాంటి పోలికను రాష్ట్రమే చేసి పెట్టిందన్నమాట.

మీ రాష్ట్రంలో గ్రోత్ అంకె దొరక్కపోతే మీరే ఒక ఉజ్జాయింపు లెక్క వేయొచ్చు. ఒకే బ్యాచ్‌ను వెంబడించండి: 2023లో 3వ గ్రేడ్, 2024లో 4వ గ్రేడ్, 2025లో 5వ గ్రేడ్. ప్రతిసారీ అదే గ్రేడ్ డిస్ట్రిక్ట్ సగటుతో తేడా రాయండి. డిస్ట్రిక్ట్ మ్యాథ్ సగటు వరుసగా 68, 66, 64 అనుకుందాం. ఎ బడి 80, 76, 71. బి బడి 60, 63, 67. తేడాలు చూస్తే ఎ బడికి +12, +10, +7. బి బడికి -8, -3, +3. బి బడిలో పిల్లలు ఎక్కివస్తున్నారు, ఎ బడిలో మొదటి ఆధిక్యం కరిగిపోతోంది. ఇది రెండు బ్యాచ్‌లలోనూ కనిపిస్తేనే నమ్మండి. మధ్యలో పిల్లలు మారిపోయే బడుల్లో, అద్దె ఇళ్లు ఎక్కువున్న చోట, ఈ లెక్క అంత పనికిరాదు.

6. బయటి నుంచి వచ్చే పిల్లలున్నారేమో కనుక్కోండి

వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో అడ్వాన్స్‌డ్ అకడమిక్ ప్రోగ్రామ్‌కు కొన్ని ఎలిమెంటరీలు సెంటర్లుగా ఉంటాయి. 3వ గ్రేడ్ నుంచి చుట్టుపక్కల బడుల్లో ఎంపికైన పిల్లలు అక్కడికి వెళ్లవచ్చు. పరీక్షలు మొదలయ్యేదీ సరిగ్గా 3వ గ్రేడ్‌లోనే. అంటే సెంటర్ బడి స్కోరు పెరుగుతుంది, పిల్లలను పంపిన బడి స్కోరు తగ్గుతుంది, చదువు చెప్పే తీరులో ఏ మార్పూ లేకుండానే. మాగ్నెట్, గిఫ్టెడ్, డ్యూయల్ లాంగ్వేజ్ ప్రోగ్రాములున్న ఏ డిస్ట్రిక్ట్‌లోనైనా ఇది జరగొచ్చు. డిస్ట్రిక్ట్ సైటులో ప్రోగ్రాముల జాబితా చూసి, ఆ బడుల పక్కన మీ షీట్‌లో గుర్తు పెట్టుకోండి.

7. హాజరు, టీచర్లు

ఏడాదిలో 10 శాతం, అంటే 180 రోజుల్లో 18 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ మానేసిన పిల్లలను క్రానిక్ ఆబ్సెంట్ కింద లెక్కిస్తారు. దాదాపు ఒకే రకం కుటుంబాలున్న రెండు బడుల్లో ఒకదానిలో ఇది బాగా ఎక్కువుంటే కారణం అడగాల్సిందే. టీచర్ల సగటు అనుభవం చూడండి, మొదటి ఏడాది టీచర్లు ఎంతమందో చూడండి. ప్రిన్సిపాల్ మూడేళ్లలో ఇద్దరు ముగ్గురు మారి ఉంటే, పాత స్కోర్లన్నీ వేరే వాళ్ల నాయకత్వంలో వచ్చినవని గుర్తుంచుకోండి.

8. బడికి వెళ్లి చూడండి

టూర్ అడిగితే చాలా బడులు ఒప్పుకుంటాయి. అక్కడ గోడల రంగులు చూసి రాకండి, ఇవి అడగండి: రీడింగ్‌లో వెనకబడిన సెకండ్ గ్రేడ్ పిల్లను ఎప్పుడు, ఎలా గుర్తిస్తారు? మ్యాథ్‌లో ముందున్న పిల్లలకు రోజూ ఏం ఇస్తారు? పోయిన ఏడాది ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారు? చిన్న గ్రేడ్లలో మ్యాప్ గ్రోత్, ఐ-రెడీ లాంటి పరీక్షలు పెడతారా, వాటి సగటు చెబుతారా? జవాబు మొదటి ప్రశ్నకు స్పష్టంగా రావాలి. "మా టీచర్లు చాలా కేరింగ్" అని మాత్రమే వస్తే అది జవాబు కాదు.

చిన్న గ్రేడ్ల ఫలితాలను స్కూల్ బోర్డు మీటింగ్ కాగితాల్లో పెట్టే డిస్ట్రిక్ట్‌లు కూడా ఉన్నాయి. ఓపిక ఉంటే వెతకండి.

9. ఇప్పుడు రేటింగ్ సైట్లు తెరవండి

గ్రేట్‌స్కూల్స్ 1 నుంచి 10 వరకు ఇచ్చే అంకె రాష్ట్రంలోని ఇతర బడులతో పోల్చి ఇచ్చేది. ఆ ఒక్క అంకెను వదిలేసి కింద ఉన్న భాగాలు చదవండి: టెస్ట్ స్కోర్లు ఎంత, ప్రోగ్రెస్ ఎంత, ఈక్విటీ ఎంత. నిచ్ అనే ఇంకో సైటు ఇచ్చే గ్రేడుల్లో తల్లిదండ్రుల అభిప్రాయాలు కూడా కలుస్తాయి. మీ షీట్‌తో ఇవి సరిపోతే సరే. తేడా వస్తే ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది, సాధారణంగా 4, 5 లేదా 6వ దశలో దొరుకుతుంది.

మీ లెక్క సరైనదేనా? ఇలా చూసుకోండి

గుంపుల శాతాలను వాటి వాటాతో గుణించి కూడితే మొత్తం శాతం రావాలి. పై ఉదాహరణలో ఎ బడికి: 0.10 × 50 + 0.90 × 80 = 77. రాకపోతే ఏదో తప్పు వరుస నుంచి అంకె ఎత్తారు, లేదా ఏడాది మారింది.

పరీక్ష రాసినవాళ్ల శాతం చూడండి. చట్టం 95 శాతం అడుగుతుంది. న్యూయార్క్‌లో, ముఖ్యంగా లాంగ్ ఐలండ్‌లో, పిల్లలతో పరీక్ష రాయించని కుటుంబాలు చాలా ఎక్కువ. సగం మందే రాసిన బడి స్కోరు ఆ బడి స్కోరు కాదు.

ఏదో ఒక ఏడాదిని తీసేసి మళ్లీ వరుస పేర్చండి. తర్వాత మీట్స్ బదులు మాస్టర్స్‌తో పేర్చండి. వరుస ప్రతిసారీ తారుమారవుతుంటే ఆ బడుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదనే అర్థం. మూడేళ్ల సగటులో తేడా ఐదు పాయింట్ల లోపుంటే నేనైతే సమానం అని రాసుకుంటాను.

సమానం అని తేలిన బడుల మధ్య ఎంచుకోవడానికి బస్సు వస్తుందా, ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో ఖాళీ ఉందా, ఆ ఎలిమెంటరీ నుంచి ఏ మిడిల్, ఏ హైస్కూలుకు వెళతారు అన్నవి చూడండి. ఎలిమెంటరీ 5వ గ్రేడ్‌తోనో 6వ గ్రేడ్‌తోనో అయిపోతుంది, ఇంటి లోన్ 30 ఏళ్లు ఉంటుంది. ఇల్లు ఖాయం చేసుకుంటే, ఆ చిరునామాకు వచ్చే బడుల పేర్లు, సీటు సంగతి ఎన్‌రోల్‌మెంట్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, ఆప్షన్ పీరియడ్ (ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే వీలున్న గడువు) ముగిసేలోపే జవాబు తెప్పించుకోండి.